బొంత పట్టే మిషను

మా ఇంటావిడ కుడి మణికట్టుకు వేసిన కట్టు విప్పారు. ఆమె కుట్టు ఆగిపోయింది. కట్టు, కుట్టు అని ప్రాస కోసం అనడం లేదు. జరిగింది అదే. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి గనక నాకు దిగులు కూడా ప్రాసతోనే వస్తుంది. ఆమె దృష్టిలో ఇదొక జబ్బు, మందు లేనిది.

ఆమె కుట్టేది బొంతలు. పాత చీరలు, ఉతికి ఉతికి మెత్తబడిన పంచెలు పొరలు పొరలుగా పరిచి, ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు వరసగా చేత్తో కుట్టుకుంటూ వస్తుంది. ఐరాల పక్కన పుట్టినూళ్లో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న పని. తిరుపతికి వచ్చి ఇన్నేళ్లయినా మా ఇంట్లో చీర చిరిగితే దానికి అది పదవీ విరమణ కాదు, కొత్త ఉద్యోగం. రెండు వైపుల చుట్టాల్లోనూ ఆమె బొంత లేని మంచం లేదు. ఎవరింటికి వెళ్లినా ముందు నా పాత పంచెను పలకరించి, తర్వాత మనుషుల్ని పలకరించడం నాకు అలవాటు.

చివరగా మొదలుపెట్టిన బొంత వాళ్లన్న కూతురికి. ఆ పిల్ల తడ దగ్గర ఒక బట్టల కంపెనీలో మిషను మీద పనిచేస్తూ హాస్టల్లో ఉంటుంది. "అత్తా, ఈడ పరుపు కన్నా నేలే మెత్తగా ఉండాది. నాకొక బొంత కుట్టియ్యి" అని ఫోన్లో అడిగింది. మా ఆవిడ సగం దాకా కుట్టేసింది. మిగతా సగానికి టాకాలు వేయాల్సి ఉంది. పొరలు జరిగిపోకుండా ముందుగా పెద్ద పెద్ద కుట్లతో నిలిపి ఉంచుతారే, అవి. ఆ టాకాలు వేసే లోపలే బాత్రూములో సబ్బునీళ్ల మీద జారి, చెయ్యి ఆనించి పడింది.

ఎముక అతుక్కుంది. చుట్టాల్లో సగంమంది పుత్తూరు నాటువైద్యుల కట్టు ఎందుకు వేయించలేదని నన్ను నిలదీశారు గానీ, తప్పు కట్టుదీ కాదు, డాక్టరుదీ కాదు. ఈ వయసులో మణికట్టు మొండికేసింది, అంతే. చెయ్యి అన్నం కలుపుతుంది, తలుపు గడియ తీస్తుంది, నన్ను దూరంగా పొమ్మని ఊపడానికి కూడా పనికొస్తుంది. కానీ అన్ని పొరల్లోంచి సూదిని దూర్చి, అవతల వేళ్ల కొసలతో పట్టి లాగే సత్తువ రాలేదు. రోజూ పిసకమని డాక్టరు స్పాంజి బంతి ఇచ్చారు. "బంతాట ఆడుకునే వయసా నాది?" అని దాన్ని తీసుకుపోయి ఫ్రిజ్జు కాలి కింద పెట్టింది. ఫ్రిజ్జు ఊగడం మానింది.

సగం బొంత మడతపడి బీరువా మీదికెక్కింది.

"ఇంగ సాలు లేయ్యా. కుట్టీ కుట్టీ నాకే ఇసుగొచ్చింది" అంది.

ఆమెకు నా మీద తప్ప దేని మీదా విసుగు రావడం నేను చూడలేదు. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కొంగు అంచును ఎడమచేత్తో మడిచేది, విప్పేది, మళ్లీ మడిచేది. టీవీలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో ఆమెకు పట్టేది కాదు. ఆ కొంగును చూస్తూ ఉంటే నాకు భయం పట్టుకుంది. ఈ సగం బొంత ఆమె చేతుల మీదుగా పూర్తి కాకపోతే, ఆమె ఇంక మరొకటి మొదలుపెట్టదు.

"ఎవురికన్నా ఇచ్చి కుట్టిస్తాం మే" అని చూశాను.

"నా బొంతను ఇంగొకరు కుడితే అది నాదెట్లయితాది? ఒకడి పరీచ్ఛ ఇంగొకడు రాస్తే నువ్వు గమ్మునున్న్యావా?"

అలాంటివాళ్లను పట్టుకోవడంతోనే నా సర్వీసు సగం గడిచింది. అందుకని నిజంగానే గమ్మునున్నాను. ఆమే కుట్టాలి. చేత్తో కుట్టే వీల్లేదు. ఇక మిగిలింది మిషను.

ఆ మాట అనగానే నవ్వింది. "మిషనా? అది జాకెట్లకయ్యా. బొంతకు మిషను పెట్టినోళ్లను యాడన్నా సూసినావా?"

"లేకుంటే మనమే మొదలు."

సలహా కోసం తడలో ఉన్న కోడలిపిల్లకు ఫోన్ చేశాం. రోజంతా మిషను మీద ఉండే పిల్ల గనక ఆమెకు తెలియనిది ఉండదని నా నమ్మకం.

"నన్నడిగితే నేనేం సెప్పేది మామా? నేను కుట్టేది ఎడం భుజం. కుడి భుజం పక్క లైన్లో అక్క కుడతాది. సొక్కాయి మొత్తం ఎట్లుంటాదో నేను గూడా అంగట్లో సూడాల్సిందే."

"మీ కంపెనీ మిషను లాంటిది ఇంట్లో పెట్టుకుంటే?"

"అయ్యో, వద్దు మామా! అది పవర్ మిషను. కాలు ఆనిస్తే పరిగెత్తుతాది. బొంతతో పాటు అత్తను గూడా తడ దాకా ఈడ్సుకోనొచ్చేస్తాది. ఆ పూలూ తీగలూ కుట్టేటివి గూడా వద్దు. సూటిగా ఒకే కుట్టు పడేది సూడండి సాలు."

సూటిగా ఉండేది నాకెందుకో మొదటి నుంచీ కష్టం. అయినా బయలుదేరాం. మా ఆవిడ బీరువా మీది బొంతను దించి పెద్ద సంచీలో కుక్కింది. మిషను కొనడానికి బొంత ఎందుకన్నాను.

"సెప్పులు కొనేదానికి కాళ్లు ఎత్తుకోని పోవా?" అంది.

తిరుపతిలో మేం మొదట వెళ్లింది అద్దాల షోరూముకు. లోపల చల్లగా ఉంది. అమ్మే అతను టై కట్టుకుని ఉన్నాడు. తెల్లగా, చిన్నగా, అన్నం గిన్నె మూతలా నున్నగా ఉన్న ఒక కరెంటు మిషను ముందు మమ్మల్ని నిలబెట్టి, అది కుట్టే రకాలన్నీ ఒక గుడ్డ మీద చూపించాడు. ఆకులు, చుక్కలు, ఒకదాని వెనక ఒకటి నడిచే బాతులు.

"బాతులు బాగుండాయప్పా. గీత పడతాదా?"

"గీతంటే మేడమ్?"

"గీతంటే గీతే. ఈ కొస నుంచి ఆ కొస దాకా."

"పడుతుంది మేడమ్. అది మొదటి నంబరు. దాన్ని ఎవరూ అడగరు."

మా ఆవిడ సంచీలోంచి బొంతను తీసి బల్ల మీద పెట్టింది. ఆ అద్దాల మధ్య మా పాత చీరలు, పెళ్లికి పిలవకుండా వచ్చిన చుట్టాల్లాగా ఉన్నాయి. అతను మర్యాదస్తుడు. ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. బొంతను చుట్టచుట్టి మిషను చెయ్యి కిందికి తోయాలని చూశాం. సూదికీ మిషను ఒంటికీ మధ్య ఆ చుట్ట పట్టే చోటు లేదు.

"దీనికి సంకే లేదయ్యా" అంది మా ఆవిడ. "సంకలో పట్టకుంటే ఎట్ల కుట్టేది?"

ఒక కొస మాత్రం సూది కిందికి దూర్చి, ఆమెను కూర్చోబెట్టాడు. కాలు ఇలా ఆనించండి అన్నాడు. ఆమె ఆనించింది. మిషను ఒక్కసారిగా గుడ్డను లాక్కుంది. దాంతోపాటు ఆమె కుడిచెయ్యి కూడా ముందుకు పోయింది. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. నొప్పి పుట్టిందా అని అడగబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాను. నొప్పి కన్నా అది దాచుకోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

పక్కనే చేత్తో తిప్పే చిన్న మిషను ఒకటి ఉంది. పిడి కుడివైపు.

"కుడిచెయ్యి బాగుంటే ఈ మిషనెందుకు, సూదే సాలదా?" అని ఆమే నవ్వి లేచింది. బయటికి వచ్చాక సంచీని ఎడమ భుజానికి మార్చుకుని నాకంటే ముందు నడిచింది. నాకు ప్రాస కూడా తోచలేదు.

తర్వాత చిత్తూరు వెళ్లాం. అక్కడ ఒక సందులో పాత కాలిమిషన్లు బాగుచేసి అమ్ముతారని ఎవరో చెప్పారు. బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. నాకుంది. మా ఆవిడ ఒళ్లో ఉన్న సంచీని చూసి కండక్టరు ఆగాడు.

"ఏందిమ్మా అది? లగేజీ మాదిరుండాదే!"

"చీరలప్పా. ఆడోళ్లవే. వాటికి గూడా టిక్కెట్టు ల్యా."

"అన్నీ చీరలేనా?"

"లోపల ఆయన పంచెలుండాయి. వాటికి ఆయన తీసినాడు గదా టిక్కెట్టు!"

పూతలపట్టు దాటేదాకా బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి నా పంచె వైపు చూస్తూనే ఉన్నారు.

ఆ అంగడి పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. నల్లటి మిషన్లు ఇనుప స్టాండ్ల మీద వరసగా, తరగతిలో అల్లరి మానేసిన పిల్లల్లాగా ఉన్నాయి. యజమాని లావుపాటి మనిషి. మాట మాటకూ ముందు ఒక నవ్వు వస్తుంది.

"బొంతకా మా? బొంతకు మిషను కొనే ఆమెను ఇప్పుడే సూస్తాండా. దీన్ని సూడండి. దీంట్లో ఒకటే కుట్టు. ముందుకు పోతాది. ఎనక్కి గూడా రాదు."

"ముందుకు పోతే సాలన్నా" అంది మా ఆవిడ. "ఎనక్కి లాగేదానికి మా ఇంట్లో మనిషుండాడు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. బొంతను చుట్టచుట్టి మిషను చెయ్యి కిందికి తోశాం. కొంచెం అదిమితే పట్టింది. గుడ్డను అదిమి పట్టే ఇనుప ముక్కను పాదం అంటారని అప్పుడే తెలిసింది. పద్యానికి నాలుగు పాదాలని ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి. ఒక్క పాదంతో ఇంత పని జరుగుతుందని తెలియదు. ఆయన దాని పైనున్న మర కొంచెం వదులు చేశాడు, లావు సూది బిగించాడు, దారం టెన్షను సరిచేయాలన్నాడు.

"పైన టెన్షను ఎక్కువైతే దారం తెగుతాది. తక్కువైతే కింద ఉచ్చులు పడతాయి. రెండూ సమంగా ఉండాల."

"మా ఇంట్లో టెన్షనంతా ఈయనదే. దారం మాత్రం నాది" అంది ఆవిడ.

కూర్చుంది. కాళ్లు రెండూ పెడలు మీద పెట్టింది. ఆమె కాళ్లు గట్టివి. అలిపిరి మెట్లు నాకంటే ముందెక్కి, మలుపులో నా కోసం ఆగే కాళ్లు. కాలిమిషనే ఆమెకు తగినదని నాకప్పుడు గట్టిగా అనిపించింది. అయితే కాలిమిషను దానంతట అది కదలదు. మొదట కుడిచేత్తో చక్రాన్ని ముందుకు ఒక్క తోపు తొయ్యాలి. ఆ తర్వాతే కాళ్లు అందుకుంటాయి. తోపు చాలకపోతే చక్రం వెనక్కి తిరిగి దారం తెగుతుంది.

ఆమె చక్రం మీద చెయ్యి వేసి తోసింది. చక్రం కొంచెం కదిలి, ఆలోచించి, వెనక్కి వచ్చింది. దారం తెగింది. యజమాని మళ్లీ ఎక్కించాడు. మళ్లీ తెగింది. మూడోసారి ఆమె తొయ్యలేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"పాయ్యా పోదాం. బస్సు పోతాది."

"చక్రం నేను తోస్తాలే మే."

"ఎన్నాళ్లు తోస్తావు? బతికినన్నాళ్లూ నా పక్కన నిలబడతావా?"

"ఇప్పుడు మాత్రం యాడ నిలబడి ఉండాను?"

యజమానే అందుకున్నాడు. "సారును మోటారు మాదిరి వాడుకోండి మా. కరెంటు గూడా కాలదు."

"గంటకొక కాపీ కాలతాదన్నా" అంది మా ఆవిడ. అయినా సంచీ ఎత్తుకోలేదు. అది చూసి నేను కొంటామని చెప్పేశాను.

మిషను ఒక శుక్రవారం పొద్దున ఆటోలో మా ఇంటికి వచ్చింది. హాల్లో కిటికీ పక్కన పెట్టి, కుంకుమబొట్లు పెట్టి, కర్పూరం వెలిగించేసరికి పది దాటింది. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం. మా వైపు రాహుకాలంలో పని మొదలుపెట్టడమంటే ఆ పనిని రాహువుకు రాసిచ్చినట్టే. ఈ విషయంలో ఇంట్లో ఇద్దరం ఏకాభిప్రాయం. అదీ అరుదే.

"టాకాలెయ్యాల గదయ్యా" అంది ఆమె గడియారం చూస్తూ. "ఏసేలోపల రాహుకాలమొచ్చేస్తాది."

"సగం కుట్టిందే గదా, యాడికీ జరగదులే. ముందు మంచి గడియలో సూది దించుదాం."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. సూది దించింది. నేను చక్రం తోశాను. ఆమె కాళ్లు అందుకున్నాయి. ఆ చప్పుడు ఇల్లంతా నిండింది. ఒక వరస పూర్తయింది, ఇంకొకటి. మధ్యలో ఆగినప్పుడల్లా నేను తోపు తోస్తున్నాను, ఆమె "ఊఁ" అంటోంది. ఆమె ముఖంలో అలాంటి వెలుగు చూసి ఎన్నాళ్లయిందో! రాహుకాలం వచ్చినా మేం ఆపలేదు. మంచి గడియలో మొదలైంది కాబట్టి ఇక భయం లేదు. అన్నం సంగతి కూడా మరిచిపోయి చివరి అంచు దాకా కుట్టేశాం.

తర్వాత నేల మీద పరిచాం.

పైచీర తమిళనాడు దాకా వెళ్లిపోయింది. కింది పంచె పూతలపట్టు దగ్గరే ఆగిపోయింది. మధ్య పొరలు ఎటు పోవాలో తెలియక అక్కడక్కడా గుంపులుగా నిలబడ్డాయి. మొదటి సగం చేత్తో కుట్టింది చాపలాగా పడుకుంటే, రెండో సగం నూనెలో వేసిన పూరీలాగా లేచింది. ఎన్ని సంధులు పాఠం చెప్పానో లెక్కలేదు. రెండు గుడ్డలకు మాత్రం సంధి కుదర్చలేకపోయాను.

"రాహువును తప్పించుకుని కేతువుకు దొరికినాం" అన్నాను.

"నోరు మూసుకో" అంది. కోపంగా కాదు. అదే నాకు నచ్చలేదు. బొంతను మడిచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తడలో ఆ పిల్ల అడిగితే ఏం చెప్పాలా అని నేను మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

మరుసటి రోజు పొద్దున మిద్దె మీద బట్టలు ఆరేయడానికి వెళ్లిన మనిషి ఎంతకీ దిగి రాలేదు. వెళ్లి చూస్తే నీళ్ల ట్యాంకు నీడలో బొంత పరుచుకుని కూర్చుని కుట్లు విప్పుతోంది. ఎడమచేత్తో పిన్నీసు కొసను కుట్టు కింద దూర్చి పైకి లేపుతోంది. లేచిన దారాన్ని కుడిచేతి వేళ్లతో పట్టి లాగుతోంది.

"కత్తెర తెచ్చేదా?"

"కత్తెరేస్తే చీర పోతాది. మెత్తగా ఉండేదాన్ని మెత్తగానే విప్పాల." దారం జారిపోయింది. మళ్లీ పట్టుకుంది. "సూటిగా ఒకే కుట్టు పడేది సూడండి అని సెప్పింది నీ కోడలు. ఎంత గట్టి కుట్టో సూడు!"

"నా కోడలా? మీ అన్న కూతురు!"

"కుట్టు బాగుంటే మా అన్న కూతురు."

మిషను కుట్లు చీమల్లాగా చిన్నవి, దగ్గర దగ్గరవి. వాటిని విప్పడం రోజుల తరబడి సాగింది. ఆమె ఆ దారాన్ని తిట్టిన తిట్లు నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు. నేను పక్కన కూర్చుని తెగిన దారప్పోగులు ఏరుతూ, ఆమె వేళ్లనే చూసేవాణ్ణి. మొదట్లో దారాన్ని బొటనవేలికీ చూపుడువేలి పక్కకూ మధ్య ఇరికించి లాగేది. సగం సార్లు జారిపోయేది. కొన్నాళ్లకు జారడం తగ్గింది. ఇంకొన్నాళ్లకు రెండు వేళ్ల కొసలు ఒకదాన్నొకటి కలుసుకుంటున్నాయి. డాక్టరు బంతితో చేయించాలనుకున్న పనిని మా తప్పుడు కుట్టు చేయిస్తోందని నాకు అర్థమైంది. కానీ పైకి అనలేదు. అది కసరత్తని తెలిస్తే ఆమె బొంతను కూడా ఏదో ఒక కాలి కింద పెట్టేస్తుంది. జీవితంలో నోటిదాకా వచ్చిన మాటను మింగిన సందర్భాలు నాకు తక్కువ. అందులో ఇదొకటి.

కుట్లన్నీ విప్పాక ఆమె బొంతను నేల మీద పరిచి, నాలుగు మూలలా బియ్యం డబ్బాలు పెట్టి, ఏ పొరా ముడుచుకోకుండా చేత్తో సర్దింది. ఆ తర్వాత టాకాలు వేసింది. సూది నన్ను అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పెద్ద పెద్ద కుట్లు, వదులు వదులుగా. రెండు మూడు కుట్లకొకసారి చెయ్యి దులుపుకుంటూ, ఊదుకుంటూ వేసింది. ఇదేదో అద్భుతమని అనుకోవద్దు. చేత్తో ఒక బొంతంతా కుట్టడం ఇప్పటికీ ఆమె వల్ల కాదు. నీళ్ల బిందె ఇప్పటికీ ఎడమచేతిదే. కానీ టాకాలన్నీ ఆమే వేసింది.

ఈసారి రాహుకాలం పూర్తిగా వెళ్లిపోయేదాకా ఆగాం. ఆమె మిషను ముందు కూర్చుంది. బొంతను చుట్టి మిషను చెయ్యి కిందికి తోసింది. పాదం దించింది. నేను నా చోట నిలబడి, చక్రం మీదికి చెయ్యి చాచి, ఆమె "ఊఁ" కోసం చూస్తున్నాను.

ఆమె ఊఁ అనలేదు. కుడిచెయ్యి ఎత్తి చక్రం మీద వేసింది. నేను చూసీ చూడనట్టు ఉన్నాను. చక్రం ఒక్క క్షణం తటపటాయించి, ముందుకే తిరిగింది. కాళ్లు అందుకున్నాయి. సూది ఒక్కొక్క టాకానే దాటుకుంటూ సూటిగా ముందుకు పోయింది. పొరలన్నీ కలిసే కదిలాయి. వరస చివర ఆగి, బొంతను తిప్పి, మళ్లీ చక్రాన్ని తనే తోసింది. రెండోసారి మొదటిసారి కన్నా బలంగా.

నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"ఆడేంటికి నిలబడినావు?" అంది తల ఎత్తకుండానే. "ఎలుతురుకు అడ్డం. పక్కకు జరుగు."

జరిగాను. చాచిన చెయ్యిని ఏం చేయాలో తెలియక దాంతోనే తల గోక్కున్నాను. నేను రిటైరవడం ఇది రెండోసారి. మొదటిసారి శాలువా కప్పి, దండ వేసి, ప్రసంగాలు చేసి పంపారు. నాకు పెద్దగా సంతోషం కలగలేదు. ఈసారి పక్కకు జరగమన్నారు. వంటింట్లోకి పోయి, కళ్లు తుడుచుకుని, ఇద్దరికీ కాఫీ పెట్టాను.